పాండు మావ సంపు

మా బడికి తెల్లపలకలు వచ్చిన మొదటి రోజే నెత్తురు కారింది. నాలుగో తరగతి మణికంఠ పలక అంచుతో పక్కవాడి కనుబొమ చీల్చాడు. ఆ పక్కవాడేమైనా తక్కువ తిన్నాడా, మార్కర్ తీసుకుని వీడి చెవిలో పొడిచాడు. ఇంత యుద్ధం దేనికయ్యా అంటే, సాక్సు కోసం. పలక తుడుచుకోవడానికి ఇంట్లో పాత సాక్సులన్నీ పోగేసి పట్టుకొచ్చాను. అందులో ఒకదానికి ఎర్రచార ఉంది. ఆ దిక్కుమాలిన ఎర్రచార ఇద్దరికీ కావాలి. చెరో చెవీ పట్టుకుని విడదీసి, ఆ సాక్సు నా హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని, కనుబొమకి పసుపు అద్ది పాఠం మొదలుపెట్టాను.

నా పేరు ఉషారాణి. పలాసలో పుట్టాను. మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు ఒలిచి నన్ను టీచరుని చేసింది. కొత్తమెట్టలో మాది ఒకే టీచరు ఉన్న బడి, అంటే గంట కొట్టేది నేనే, పాఠం చెప్పేది నేనే, మధ్యాహ్న భోజనం గుడ్లకి లెక్క చెప్పేదీ నేనే. నాకు కోపం ఎక్కువని ఊళ్లో అంటారు. అబద్ధమేం కాదు.

ఇంతకీ తెల్లపలకలంటే మరేమీ కాదు. పలాసలో ఎవరో ఇంటి సీలింగుకి వేయించగా మిగిలిన పీవీసీ షీట్లు. వాటిని చేతిలో పట్టేంత ముక్కలు కోయించి అంచులకి టేపు వేయించాను. నేను ప్రశ్న అడుగుతాను. పిల్లలు రాసి, పలకని గుండెకి ఆనించుకుని కూర్చుంటారు. "ఎత్తండి!" అంటే అందరూ ఒక్కసారే ఎత్తాలి. చేతులెత్తించి జవాబులు చెప్పించినంత కాలం ముందు వరసలో ముగ్గురే చదివేవారు, తక్కినవాళ్లు వాళ్ల వీపుల వెనక హాయిగా కునుకు తీసేవారు. పలకలొచ్చాక ఆ పప్పులు ఉడకలేదు. ఎవడికి వచ్చో, ఎవడికి రాదో నాకు ఒక్క చూపులో తెలిసిపోయేది.

మా పిల్లలకి పెద్ద చిక్కు ఒకటుంది. మా వైపు చ పలకరు, స అంటారు. చెట్టు సెట్టవుతుంది, చేప సేపవుతుంది. నేనూ ఇంట్లో సేపలే తింటాను, నాకేం సిగ్గు లేదు. కానీ రాసేటప్పుడు చ రాయాలి కదా. అందుకని రోజూ ఓ ఆట. నేను మా యాసలోనే మాట చెబుతాను, వాళ్లు పలక మీద సరైన అక్షరంతో రాయాలి. సీమ అంటే చీమ. సీర అంటే చీర. వారం తిరిగేసరికి అందరికీ అలవాటైపోయింది, ఎంతగా అంటే స కనబడితే చాలు చ చేసి పారేశారు. చబ్బు, చంత, చముద్రం. ఒకడైతే చమోసా రాశాడు. నవ్వీ నవ్వీ నాకు డొక్కలు నొప్పి పుట్టాయి.

ఒక్క పిల్ల మాత్రం అటూ పడలేదు, ఇటూ పడలేదు. అది మూడో తరగతి లక్ష్మీప్రియ. స ఉండాల్సిన చోట స, చ ఉండాల్సిన చోట చ. దాని పలక చూసి తక్కినవాళ్లవి దిద్దేదాన్ని.

దానికి నత్తి. నలుగురిలో నోరు తెరిస్తే మొదటి అక్షరం దగ్గరే గొంతు బిగుసుకుపోతుంది. ఒకటో తరగతిలో ఎవరో వెక్కిరించారు, ఇక బడిలో నోరు విప్పడం మానేసింది. దాని జబ్బుకి వాళ్ల నాన్న దుర్గాప్రసాద్ దగ్గర ఒకే మందు ఉంది, చెంపదెబ్బ. "మాటాడవేటే!" అని ఒకటి ఇస్తాడు. అది ఇంకా బిగుసుకుపోతుంది. ఇంకొకటి ఇస్తాడు. ఆ దుక్కలాంటి మనిషికి నేను రెండుసార్లు గడ్డి పెట్టాను, నా ముందు తల ఊపి, ఇంటికెళ్లి మళ్లీ అదే పని. అలాంటి పిల్ల తెల్లపలక అందుకున్నాక గలగలా జవాబులు రాయడం మొదలుపెట్టింది. జవాబులే కాదు, ప్రశ్నలు కూడా. "టీచర్ మీకు మీసం ఎందుకు లేదు" అని రాసి ఎత్తిందోసారి. అందుకే దానికొక్కదానికే పలకకి తాడు కట్టి ఇంటికి తీసుకెళ్లనిచ్చాను. మెడలో వేసుకుని తిరిగేది. అదే దాని నోరు.

ఇంట్లో అది మాట్లాడేది ఇద్దరితోనే. ఒకటో తరగతి చదివే తమ్ముడు పాండుతో, మేనమామ పోలారావుతో. పోలారావు విశాఖలో అపార్టుమెంట్లకి సెంట్రింగు పని చేసి, నిరుడు తిరిగొచ్చి, ఊరి చివర స్లాబు ఇల్లు కట్టుకుంటున్నాడు. ఇంకా గోడలే లేచాయి గానీ, ఇంటి ముందు భూమిలో నీళ్లకి పెద్ద తొట్టి మాత్రం ముందే కట్టేశాడు. కుళాయికి రోజుకి ఒక్క పూటే నీళ్లొస్తాయి మరి. మా ఉద్దానంలో నీళ్లంటే తమాషా కాదు. బోరు నీళ్లు తాగి కిడ్నీలు పోగొట్టుకున్న ఇళ్లు వీధికి నాలుగున్నాయి. కుళాయి నీళ్ల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటారు. ఆ తొట్టికి ఊళ్లో పోలారావు గొయ్యి అని పేరు పెట్టారు. అది నిండేదాకా వీధి చివర దుర్గాప్రసాద్ కుళాయికి చుక్క రాదు. దానితో బావా బావమరుదులకి తగువు పడింది. కిందటి వారం దుర్గాప్రసాద్ వెళ్లి పైపు విరగ్గొట్టాడు. పోలారావు తాగి ఉన్నాడు, వీధిలో అందరూ వింటుండగా అరిచాడు. "నీ ఇంట్లో దీపం నేకుండా సేత్తాన్రా!" అని. తాగినోడి మాట. కానీ అందరూ విన్నారు.

ఇది మార్చి నెలాఖరు సంగతి. తోటల్లో జీడిపిక్కలు రాలుతున్నాయి. ఒంటిపూట బడులు కనుక పిల్లలు అన్నం తిని ఇళ్లకి పోయారు. నేను ఖాళీ పళ్లేల ఫొటో యాప్‌లో ఎక్కించలేక చచ్చిపోతూ, సిగ్నల్ కోసం ఫోను కిటికీ బయట పెట్టి నిలబడ్డాను. అప్పుడు వినబడింది కేక.

"ఓలమ్మో! నా మనవడ్ని సంపీసినాడమ్మో!"

అది తవిటమ్మ గొంతు, దుర్గాప్రసాద్ తల్లి. కేక వెనకాలే మగాళ్ల అరుపులు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

లోకనాథం కిరాణా కొట్టు ముందు వీధి వీధంతా ఉంది. గుంపు మధ్యలో కొబ్బరిచెట్టు మొదట్లో పోలారావు పడి ఉన్నాడు. కొబ్బరి మట్టలతో కొడుతున్నారు. పచ్చి మట్ట, మొదలు వైపు పట్టుకుంటే ఇనప గదలా ఉంటుంది. అది మనిషి మీద పడినప్పుడు వచ్చే చప్పుడు నేను అంతకుముందు వినలేదు, ఇకముందు వినకూడదు. ఒకడు కడుపులో తన్నాడు. ఇంకొకడు చెప్పుకాలితో మొహం మీద తొక్కాడు. పోలారావు నోట్లోంచి పన్ను ఒకటి నెత్తురుతో పాటు జారి గడ్డం మీద అంటుకుంది. దుర్గాప్రసాద్ అందరికన్నా ముందున్నాడు. ఏడుస్తూ కొడుతున్నాడు. మట్ట విరిగిపోతే ఇంకో మట్ట అందించడానికి పక్కన మనిషి సిద్ధంగా ఉన్నాడు, పెళ్లి వడ్డనలా.

"ఎక్కడ పెట్టినావురా నా కొడుకుని? ఎక్కడ పాతీసినావు?"

"నాకు తెల్దు బావా... బడికాడే దించీసినాను బావా..."

"దించీసినావా? మరి ఈ సెప్పేటి?"

పాండు చెప్పు ఒకటి పోలారావు మోపెడ్ ముందు బుట్టలో దొరికిందట. మధ్యాహ్నం మేనల్లుణ్ని బండి మీద ఒక తిప్పు తిప్పడం అందరూ చూశారు. ఆ తర్వాత పిల్లాడు కనబడలేదు. పోలారావు తోటలో పిక్కలు ఏరుతూ దొరికాడు, చొక్కా నిండా మరకలు. నెత్తురన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అది జీడి! పచ్చి పిక్క కోస్తే చొక్కాకి అంటుకునే జీడి మరక! ఉద్దానంలో పుట్టి, జీడితోటల్లో పెరిగి, చేతులు కాల్చుకున్న వెధవలు ఒక్కడికీ అది జీడో నెత్తురో తెలియలేదు. కోపం వస్తే కళ్లు కూడా పోతాయి కాబోలు.

"ఏటిది? ఒగ్గీండి ఆడ్ని! పోలీసులికి సెప్పండి!" అని అరుస్తూ దూరబోయాను. ఎవడో మోచేత్తో నన్ను వెనక్కి నెట్టాడు. కొట్టు అరుగు మీద పడ్డాను.

అరుగు మీద లోకనాథం నిలబడి ఉన్నాడు. ఊళ్లో పదో తరగతి పాసైన పెద్దమనిషి, ఏ కాగితం వచ్చినా ఆయనే చదివి చెప్పాలి. ఆయన చేతిలో లక్ష్మీప్రియ పలక ఉంది. తాడు తెగి వేలాడుతోంది.

"సూడండి టీచరమ్మా, సూడండి! మీ సదువే పట్టిచ్చింది. సొంత మేనగోడలే రాసింది. ఆల నాన్న రెండు పీకితే గానీ నిజం రానేదు."

పలక నా మొహానికి అడ్డంగా పెట్టాడు. పెద్ద పెద్ద అక్షరాలు, వంకర్లు తిరుగుతూ.

పాండు మావ సంపు

ఆ తర్వాత మార్కర్ ఎండిపోయింది. పు పక్కన రంగు లేని గీతలు మాత్రం ఉన్నాయి, ఎండిన ముల్లుతో గట్టిగా నొక్కిన గీతలు.

"పాండుని మావ సంపు... సంపుతన్నాడనో, సంపీసినాడనో రాయబోయింది. ఇంకు అయిపోనాది," అన్నాడు లోకనాథం.

చెబితే నవ్వుతారు. పక్కన మనిషిని చంపుతుంటే, పిల్లాడు ఏమయ్యాడో తెలియకుండా ఉంటే, నాకు ముందు కనబడింది అక్షర దోషం. చ కదా, స రాసిందేమిటి అనుకున్నాను. వేలు పలక మీద పెట్టాను కూడా, దిద్దడానికి. అంత అలవాటు. అప్పుడు వేలు అక్కడే ఆగిపోయింది.

లక్ష్మీప్రియ తప్పు రాయదు. ఊరంతా స అన్నా అది చ అయితే చ రాస్తుంది. చంపు అనాలనుకుంటే చంపు అనే రాస్తుంది, చెంప వాచిపోయినా సరే. అది స రాసిందంటే, అది సనే.

మరి సంపు అంటే ఏమిటి?

పలాసలో నేను అద్దెకుంటున్న ఇంటి ముందు ఉంది సంపు. రోజూ పొద్దున్నే "ఉషా, సంపులో నీళ్లున్నాయా చూడమ్మా" అని ఇంటి ఓనరు కామాక్షమ్మగారు పైనుంచి కేకేస్తారు. భూమిలో కట్టిన నీళ్లతొట్టికి పట్నం మాట అది. కొత్తమెట్టలో ఆ మాట ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఈ ఊళ్లో సంపు ఎవరికీ లేదు. ఒక్క పోలారావుకి తప్ప. వాళ్లకది గొయ్యి. విశాఖ నుంచి వచ్చిన పోలారావుకీ, వాడి దగ్గర మాటలు నేర్చుకున్న మేనగోడలికీ అది సంపు. పాండు. మావ సంపు. చివర గీతలు వెలుతురుకి వంచి చూశాను. ల మీద ఓత్వం. లో.

అరుగు మీంచి లేచాను.

"పిల్లాడు బతికున్నాడ్రా! సంపు కాదు, సంపు!" అని అరిచాను. అరిచాక నాకే తెలిసింది, అది వాళ్లకి రెండు మాటలు కాదు. నా నోట్లోంచి వచ్చినవి కూడా రెండూ ఒకటే. తవిటమ్మ నా మాట విని "అదిగో, టీచరమ్మ కూడా అదే అంతంది, సంపీసినాడంట!" అని గుండెలు బాదుకుంది. దానితో ఇంకో నాలుగు దెబ్బలు పడ్డాయి పోలారావు మీద.

ఇక నాకు పిచ్చి లేచింది. పలక లాక్కుని గుంపులోకి దూకాను. కొరికాను, గోళ్లతో రక్కాను, ఎవడి జుట్టు దొరికితే వాడి జుట్టు పీకాను. ఒక మట్ట నా భుజం మీద పడింది, ఎముక చిట్లిందని తర్వాత ఎక్స్‌రేలో చూపించారు. అప్పుడు మాత్రం నొప్పి తెలియలేదు. పోలారావు మీద అడ్డంగా పడి, వాడి మొహానికి పలక దగ్గరగా పెట్టాను.

అంతసేపు కొట్టారు కదా, ఒక్కడంటే ఒక్కడు ఆ పలక వాడికి చూపించలేదు. సాక్ష్యమని కొట్టారే గానీ, ఇదేంట్రా అని అడగలేదు.

"సదువు పోలారావూ. నీ మేనగోడలు రాసింది. సదువు!"

ఎడమ కన్ను కనబడటం లేదు, మాంసం ముద్ద అయిపోయింది. కుడి కన్ను తెరిచాడు. పెదాలు కదిలాయి. చదివాడు. అంతవరకు దెబ్బలకి మూలిగినవాడు ఇప్పుడు భయంతో అరిచాడు.

"నా సంపు... ఓలమ్మ... నా సంపులో పడిపోనాడు... టైమెంత? కుళాయి ఒగ్గీసుంటారు... మల్లీ ఏసిన పైపు దాన్లోకే తెరిసి ఉంది... బేగెల్లండి, బేగెల్లండి!"

గుంపు ఆగింది. దుర్గాప్రసాద్ చేతిలో మట్ట పైకెత్తి ఉంది.

"పోలారావు గొయ్యిరా! నీ కొడుకు పోలారావు గొయ్యిలో ఉన్నాడ్రా ఎదవా! నీల్లు నిండతన్నాయి!" అన్నాను. గొయ్యి అంటే అర్థమైంది వాళ్లకి.

లగెత్తారు. నేనూ లగెత్తాను. ఒక చెయ్యి వేలాడుతోంది, కాళ్లలో ముళ్లు దిగుతున్నాయి, నోట్లోంచి ఏ దేవుణ్ని పిలిచానో, ఏం తిట్టానో గుర్తులేదు. దారి పొడుగునా ఇళ్ల ముందు కుళాయిలు సన్నగా కారుతున్నాయి. నీళ్లు వదిలేశారన్నమాట.

ఊరి చివర సగం లేచిన గోడల మధ్య ఆ సంపు ఉంది. పైన సిమెంటు బిళ్ల, మధ్యలో చదరంగా నోరు. నోటి మీద వేసిన చెక్క పక్కకి జరిగి ఉంది. బిళ్ల మీద లక్ష్మీప్రియ బోర్లా పడుకుని ఉంది. రెండు చేతులూ లోపలికి ఉన్నాయి. ఇనప చట్రం అంచు మోచేతుల మీద చర్మం ఒలిచేసింది, నెత్తురు కారి నీళ్లలో పడుతోంది. అది తమ్ముడి కాలరు పట్టుకుని ఉంది. ఒక చేత్తో కాలరు, ఇంకో చేత్తో జుట్టు.

తర్వాత తెలిసింది. పాండు బడి దగ్గర దిగి, అక్కడి నుంచి మావ ఇంటి ఇసకలో ఆడుకోవడానికి ఒక్కడే వచ్చాడు. చెక్క మీద గెంతాడు. వెతుక్కుంటూ వచ్చిన అక్క లోపల ఏడుపు విని, లాగలేక, ఇంటికి పరిగెత్తింది. నాన్న ముందు నిలబడి నోరు తెరిస్తే మాట రాలేదు. నాన్న కొట్టాడు. పలక మీద రాసింది. ఆ పలక లాక్కుని నాన్న, ఊరు అంతా కలిసి ఇంకో దిక్కుకి పరిగెత్తారు. ఆ పిల్ల వాళ్ల లుంగీలు పట్టుకుని లాగిందట. ఎవడో విదిలించి కొట్టాడట. అప్పుడిక మనుషుల్ని వదిలేసి, ఒక్కతే తిరిగొచ్చి పడుకుంది.

పైపులోంచి నీళ్లు దబదబా పడుతున్నాయి. పాండు గడ్డం దాకా వచ్చాయి. వాడికి ఏడవడానికి కూడా ఓపిక లేదు, ముక్కు పైకెత్తి ఊపిరి తీస్తున్నాడు.

దుర్గాప్రసాద్ దూకాడు. పిల్లాణ్ని పైకెత్తాడు. నలుగురు అందుకున్నారు. లక్ష్మీప్రియ వేళ్లు మాత్రం కాలరు వదల్లేదు. వాటిని ఒక్కొక్కటే నేను విప్పాల్సి వచ్చింది. విప్పుతూ ఏడ్చాను. ఆ పిల్ల ఏడవలేదు. నా మొహంలోకి చూసింది, తర్వాత నా వెనక నిలబడ్డ మనుషుల చేతుల్లో మట్టల వైపు చూసింది, లేచి వీధిలోకి పరిగెత్తింది.

పోలారావు బతికాడు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. టెక్కలి నుంచి విశాఖకి పంపారు, అక్కడ ఎడమ కన్ను తీసేశారు. పోలీసులు వచ్చినప్పుడు ఎవరెవరు కొట్టారో పేరు పేరునా నేనే చెప్పాను. నా స్కూటీ టైర్లు కోశారు. కోసుకోమను. "అంతా ఆ గుంటపిల్ల తప్పు రాయబట్టే" అని ఇప్పటికీ అనే వాళ్లున్నారు. నా ముందు అంటే మాత్రం వాళ్ల పళ్లు రాలగొడతాను. ఆ పిల్ల రాసినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. చదవడం రానిది ఊరికి.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. 108కి ఫోను చేశాను, పలాస నుంచి బయల్దేరిందన్నారు. పాండుని భుజాన వేసుకుని దుర్గాప్రసాద్ నడిచాడు. ఊళ్లోకి ఇంకో దారి లేదు, కొబ్బరిచెట్టు ముందు నుంచే రావాలి. పోలారావు అక్కడే పడి ఉన్నాడు. లక్ష్మీప్రియ పక్కన కూర్చుని, గౌను అంచుతో వాడి మొహం తుడుస్తోంది. ఎవరూ దగ్గరికి వెళ్లడం లేదు. మట్టలు ఒక్కొక్కటే కొట్టు వెనక్కి పోతున్నాయి.

లోకనాథం గొంతు తగ్గించి అందరికీ వినబడేలా చెబుతున్నాడు. "బండి మీంచి పడిపోనాడు. తాగున్నాడు, పడిపోనాడు. అందరం అదే మాట. ఇన్నావా దుర్గా? పిల్లడు దక్కినాడు, నీకేటి కావాల ఇంక? గౌరికి కూడా అదే సెప్పు."

గౌరమ్మ దుర్గాప్రసాద్ పెళ్లాం, పోలారావు అక్క. పలాస ఫ్యాక్టరీలో పనికెళ్లింది, ఇంకా ఏమీ తెలియదు. దుర్గాప్రసాద్ తల వంచుకుని నిలబడ్డాడు.

పాండు భుజం మీంచి చూశాడు.

"మావా?" అన్నాడు. కిందకి జారాడు. తడి బట్టలతో, ఒక కాలికి చెప్పుతో వెళ్లి వంగి చూశాడు. పోలారావు మొహంలో తన మావ ఎక్కడున్నాడో వెతుక్కుంటున్నట్టు చాలాసేపు చూశాడు. వేలు చాపి బుగ్గ మీద ముట్టుకున్నాడు. అక్కడ చెప్పు అచ్చు పడి ఉంది.

"నానా, మావనెవులు కొట్టినారు?"

లోకనాథం అందుకున్నాడు. "ఎవులూ కొట్నేదు బావూ. బండి మీంచి పడిపోనాడు మావ."

"నిన్నడగనేదు," అన్నాడు పాండు. "నానా, ఎవులు?"

వీధంతా దుర్గాప్రసాద్ వైపు చూసింది. తవిటమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని గిల్లుతోంది, చెప్పొద్దని. నేను నోరు తెరవబోయాను. ఎందుకో ఆగాను. నేను చెబితే అది పైవాళ్ల మాటే అవుతుంది, వాడడిగింది నాన్నని.

దుర్గాప్రసాద్ తల్లి చెయ్యి విడిపించుకున్నాడు.

"నానేరా," అన్నాడు. "నానే కొట్టినాను."

పాండుకి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక వాడి మొహం మారిపోయింది. తల దించుకుని, పొట్టేలులా వచ్చి తండ్రి మోకాళ్లకి ఢీకొట్టాడు. పిడికిళ్లతో గుద్దాడు, కాళ్లతో తన్నాడు, కాలి పిక్క పట్టుకుని కొరికాడు. "నా మావనెందుకు కొట్టినావు? ఎందుకు కొట్టినావు?" దుర్గాప్రసాద్ వాణ్ని ఆపలేదు. మొహం అందక పాండు ఎగిరి ఎగిరి కొడుతుంటే, ఆ మనిషి నెత్తుటి బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాడు, కొడుకుకి అందేలా. చెంప మీద, ముక్కు మీద, కళ్ల మీద పడుతున్నాయి దెబ్బలు. ముక్కులోంచి నెత్తురు వచ్చింది. చేతులు అడ్డం పెట్టుకోలేదు.

చెట్టు మొదట్లోంచి పోలారావు చెయ్యి కొంచెం లేచింది.

"ఒగ్గీరా పాండూ," అన్నాడు. "నానని ఒగ్గీ."

పాండు వదల్లేదు.